యాడికి అంటే వోహిన్

ఎల్బీనగర్ చౌరస్తాలో విజయవాడ రోడ్డు మీది నుంచి వచ్చిన బస్సు ఆగీ ఆగకముందే ఆటోవాళ్లు తలుపు దగ్గర మూగుతారు. పలకరింపులుండవు. ఒక్కటే మాట: "యాడికి?" సంచులు దించుకుంటున్న సూర్యాపేట పెద్దాయన కూడా అంతే పొదుపుగా "చైతన్యపురి" అంటాడు. ఆ ప్రశ్నలో కర్త లేదు, క్రియ లేదు, అయినా ఎవరికీ అనుమానం రాదు. పనంతా చివరున్న 'కి' చేసేసింది. యాడ అంటే ఉన్న చోటు, యాడికి అంటే పోవాల్సిన చోటు.

బెర్లిన్ టాక్సీలో కూడా ఈ ప్రశ్నను ఒక్క మాటలో అడగొచ్చు: "వోహిన్?" 'వో' అంటే ఎక్కడ, 'హిన్' అంటే ఇక్కణ్ణించి అటు వెళ్లే దిక్కు. ఎక్కడినుంచి అని అడగాలంటే 'వోహేర్'. ఎక్కడ, ఎక్కడికి, ఎక్కడినుంచి అని మనకు మూడుంటే వాళ్లకూ మూడున్నాయి. ఇంగ్లీషువాళ్లకు మాత్రం మూడింటికీ 'వేర్' ఒక్కటే గతి. ఒకప్పుడు వాళ్లకూ 'విదర్', 'వెన్స్' అని వేరే మాటలుండేవి. ఇప్పుడవి షేక్‌స్పియర్ నాటకాల్లో తప్ప నోళ్లలో లేవు.

దిల్‌సుఖ్‌నగర్‌లో జర్మన్ నేర్చుకుంటున్న మా అక్క కూతురి నోటుబుక్కు చూశాక ఈ సంగతి నాకు గట్టిగా తట్టింది. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్ల ఊరు. బస్టాండు నుంచి మెట్రో స్టేషన్ దాకా మేడల మీద బోర్డుల మీద బోర్డులు. కొన్నేళ్ల కిందటి వరకు బ్యాంకు పరీక్షలు, గ్రూప్స్, జావా. ఇప్పుడు వాటి సందుల్లో జర్మన్ ఏవన్, ఏటూ, బీవన్, బీటూ. ఇవి యూరప్ భాషలకు పెట్టుకున్న మెట్లు, మొత్తం ఆరు. జర్మనీలో నర్సుగా పనిచేయాలంటే సాధారణంగా బీటూ దాకా ఎక్కాలి. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ కూడా నర్సులకు జర్మన్ నేర్పించి పంపుతోంది. చదువుకోవడానికి వెళ్లేవాళ్లు సరేసరి. 2023-24 శీతాకాల సెమిస్టరు నాటికి జర్మనీ విశ్వవిద్యాలయాల్లో మన దేశపు విద్యార్థులు 49 వేలు దాటారు, విదేశీ విద్యార్థుల్లో మనవాళ్లే ఎక్కువ.

ఈ మేనకోడలు, మా అమ్మాయే అనుకోండి, నర్సింగ్ చదివింది. చైతన్యపురిలో హాస్టలు, దిల్‌సుఖ్‌నగర్‌లో క్లాసు, ఆదివారం కొత్తపేటలో మా ఇంట్లో భోజనం. పాతికేళ్ల కింద నేను సాయంత్రం క్లాసులకు పోయి కొంత జర్మన్ నేర్చుకున్నానని తెలుసు గనుక నోటుబుక్కు వెంట తెచ్చుకుంటుంది. అందులో మూడు గళ్లు. మొదటి గడిలో జర్మన్ మాట, రెండో గడిలో ఇంగ్లీషు అర్థం, మూడో గడిలో ఎర్ర పెన్నుతో తెలుగు లిపిలో ఉచ్చారణ. తెలుగు అక్కడ పలకడానికే పనికొచ్చింది, అర్థం చెప్పే ఉద్యోగం ఇంగ్లీషుది.

"వేర్ అంటే హూ. వేన్ అంటే హూమ్. వేమ్ అంటే కూడా హూమ్. రెండూ హూమే అయితే తేడా ఏంది మామా?"

మంచి ప్రశ్న. ఇంగ్లీషు గడిలో దానికి జవాబు లేదు. పైగా అక్కడే ఇంకో గుంట ఉంది: జర్మన్ 'వేర్' అంటే ఎవరు, ఇంగ్లీషు 'వేర్' అంటే ఎక్కడ. జర్మన్ 'వో' అంటే ఎక్కడ, రాతలోనేమో 'హూ' లాగా కనిపిస్తుంది. రెండు జతలూ తారుమారు. మొదటి నెలంతా క్లాసులో సగంమంది "డాక్టర్ ఎవరు?" అనబోయి "డాక్టర్ ఎక్కడ?" అంటూనే ఉంటారట.

నేను రెండో గడి కొట్టేసి పక్కన రాశాను: వేర్ - ఎవరు. వేన్ - ఎవరిని. వేమ్ - ఎవరికి. వెస్సెన్ - ఎవరి. కాసేపు దాన్నే చూసి, "అంతేనా?" అంది. దాదాపు అంతే.

జర్మన్‌లో ప్రతి క్రియా తనకు కావలసిన విభక్తిని తనే అడిగి తీసుకుంటుంది. 'హెల్ఫెన్' అంటే సాయం చేయడం, దానికి 'వేమ్' కావాలి. ఎందుకు వేమ్, వేన్ ఎందుకు కాదు అంటే ఇంగ్లీషులో చదివేవాళ్లకు కారణం దొరకదు, పట్టిక బట్టీ పట్టాలి. తెలుగులో అడిగి చూడండి. సాయం ఎవరిని చేస్తాం? ఎవరికి చేస్తాం. 'ఫ్రాగెన్' అంటే అడగడం. ఎవరిని అడుగుతాం, కాబట్టి వేన్. 'ఆంట్‌వోర్టెన్' అంటే జవాబివ్వడం. ఎవరికి ఇస్తాం, కాబట్టి వేమ్. 'హైరాటెన్', ఎవరిని పెళ్లి చేసుకుంటాం, వేన్. 'గెహోరెన్', ఇది ఎవరికి చెందుతుంది, వేమ్. అన్నిటికన్నా ముచ్చటైనది 'గెఫాలెన్', అంటే నచ్చడం. ఇంగ్లీషులో ఇష్టపడేవాడే కర్త, వస్తువు కర్మ. జర్మన్‌లో మనలాగే వస్తువే కర్త, మనిషికి 'కి' తగులుతుంది. "వేమ్ గెఫెల్ట్ దాస్?" ఇది ఎవరికి నచ్చింది? మాటకు మాట, 'కి'కి 'కి'.

ఆ 'కి' మహిమ ఆసుపత్రి వార్డులో ఇంకా బాగా తెలుస్తుంది. నాకు చలిగా ఉంది అనడానికి జర్మన్‌వాడు "మిర్ ఇస్ట్ కాల్ట్" అంటాడు. మిర్ అంటే నాకు. రోగిని "మీకు ఎక్కడ నొప్పి?" అని అడగడానికి "వో టూట్ ఎస్ ఈనెన్ వే?" అందులో ఈనెన్ అంటే మీకు. ఎప్పటినుంచి అంటే 'జైట్ వన్', ఎప్పటిదాకా అంటే 'బిస్ వన్'. నొప్పి ఎప్పటినుంచి ఉందని అడిగేటప్పుడు ఇంగ్లీషు పాఠం చదివినవాళ్లు 'హావ్ హాడ్' అని తడుముకుంటారు. జర్మన్‌లో మనలాగే మామూలు వర్తమానమే, ఉంది అంటే సరిపోతుంది. ఇప్పటికీ ఉన్న నొప్పికి భూతకాలం ఎందుకు?

మన బడి వ్యాకరణంలో ఈ కి, కులు షష్ఠీ విభక్తి డబ్బాలో 'యొక్క'తో కలిసి కూర్చుంటాయి. జర్మన్ పాఠంలో 'దాటివ్' అని విడిగా పెట్టెలో ఉంటాయి. పెట్టెలు వేరైనా సరుకు అదే.

అయితే ఇదంతా మేనమామ ఇల్లనుకుని నిద్రపోతే దెబ్బ తింటాం. ఫోన్ చేయడం తీసుకోండి. మనం ఎవరికి ఫోన్ చేస్తున్నావు అంటాం. జర్మన్‌లో 'ఆన్‌రూఫెన్'కు కావలసింది వేన్, అంటే వాళ్లు ఎవరిని ఫోన్ చేస్తారు. ఆ క్రియకు మూలార్థం పిలవడం అని గుర్తుంటే పేచీ లేదు: ఎవరిని పిలుస్తాం. నమ్మడం దానికి తలకిందులు. మనం ఎవరిని నమ్ముతాం, వాళ్లు 'వేమ్ గ్లౌబ్‌స్ట్ దూ?' అని ఎవరికి నమ్ముతావంటారు. ఇలాంటివి కొన్నున్నాయి. వాటినే బట్టీ పట్టాలి, వందకు వంద కాదు. మా అమ్మాయి నోటుబుక్కు చివరి పేజీలో ఇప్పుడు 'మనకు పడనివి' అని శీర్షిక పెట్టుకుంది. అట్టలోపలి వైపు 'వేమ్ = వేమన' అని కూడా ఉంది. వేమన ఎవరికి చెప్పాడు, లోకానికి చెప్పాడు, కనుక వేమ్ అంటే ఎవరికి. నాకు సగమే అర్థమైంది, తనకు మాత్రం ఇక మరుపు రాదట.

ఇక ప్రాణమున్నదీ లేనిదీ. బస్టాపులో నిలబడ్డ స్నేహితురాల్ని ఎవరికోసం చూస్తున్నావు అనడం వేరు, దేనికోసం చూస్తున్నావు అనడం వేరు. మనం నోరు తెరిచేముందే అటుపక్కది మనిషా వస్తువా తేల్చుకుంటాం. జర్మన్ కూడా తేల్చుకుంటుంది. మనిషైతే "ఔఫ్ వేన్", వస్తువైతే "వోరౌఫ్". ఎవరితో, 'మిట్ వేమ్'. దేనితో, 'వోమిట్'. వస్తువు దగ్గరికొచ్చేసరికి 'వో'కు విభక్తి అతుక్కుని ఒకే మాటైపోతుంది, మన 'దేనితో' లాగే. ఇంజెక్షన్ ఎవరితో చేశావు అని అడిగే తెలుగు నర్సు ఉండదు గదా. 

ఇంత పోలిక ఉందంటే రెండు భాషలకూ ఎక్కడో చుట్టరికం ఉండాలనిపిస్తుంది. లేదు. చుట్టరికం ఉన్నది తెలుగుకు కాదు, అదే ఎల్బీనగర్ రోడ్డు మీద మలక్‌పేట వైపు పోతూ "కాఁ జానా?" అని అడిగే ఆటో అన్న ఉర్దూకు. కాఁ, కౌన్, కబ్, క్యా అన్నీ 'క'తో మొదలవుతాయి. సంస్కృతంలో కః, కిమ్, కదా, కుత్ర. లాటిన్‌లో క్విస్, క్వాండో. జర్మన్‌లో మాత్రం వేర్, వాస్, వన్. ఈ 'క' ఎక్కడ 'వ' అయింది? వేల ఏళ్ల కిందటి మూలభాషలో ఆ హల్లు 'క్వ' లాంటిది. మన వైపు వచ్చిన శాఖలో దాని తోక ఊడి 'క' మిగిలింది. జర్మన్ శాఖలో ముందుగా క అరిగి హ అయింది, అంటే 'హ్వ'. పాత జర్మన్ రాతల్లో 'హ్వేర్', 'హ్వాజ్' అనే ఉంటుంది. తరవాత ముందున్న హ కూడా రాలిపోయి 'వ' నిలిచింది. ఇంగ్లీషు స్పెల్లింగులో డబ్ల్యూ పక్కన పలకని హెచ్ ఎందుకుందంటే ఆ రాలిన హ గుర్తుగానే. సరిగ్గా ఈ క-హ మార్పును మిగిలిన హల్లుల మార్పులతో కలిపి సూత్రంగా కట్టి 1822లో తన జర్మన్ వ్యాకరణంలో అచ్చేసినవాడు యాకోబ్ గ్రిమ్. తమ్ముడితో కలిసి పిల్లల కథలు పోగుచేసిన గ్రిమ్ ఇతనే. కౌన్, వేర్ అన్నదమ్ముల బిడ్డలని అప్పటినుంచి రుజువుతో చెప్పగలుగుతున్నాం.

మన ఎవరు, ఏది, ఎక్కడ ద్రావిడ కుటుంబం సొత్తు. తమిళ 'యార్', కన్నడ 'యారు' వాటి తోబుట్టువులు. ఆ కుటుంబ చరిత్రను అక్షరం అక్షరం కూర్చినవారిలో అగ్రగణ్యుడు భద్రిరాజు కృష్ణమూర్తి, ఆ పనిలో ఎక్కువ భాగం ఈ ఊళ్లోనే, ఉస్మానియాలో కూర్చుని చేశారు. కాబట్టి లెక్క ఇలా తేలుతుంది: జర్మన్ ప్రశ్నకు రక్తసంబంధం ఉర్దూతో, నడత పోలిక తెలుగుతో. రక్తం పంచుకున్న ఉర్దూ 'కిస్‌కో' అనే ఒక్క మాటతో ఎవరిని, ఎవరికి రెండూ అనేస్తుంది. వేన్, వేమ్ తేడా దాంట్లో కరిగిపోయింది. ఏమీ కాని తెలుగు దాన్ని పదిలంగా ఉంచుకుంది. బంధువులకన్నా పక్కింటివాళ్లు నయమంటారే, అలాగన్నమాట. ఇక్కడ పక్కిల్లు ఏడు వేల కిలోమీటర్ల దూరమనుకోండి.

నాకు అన్నిటికన్నా సరదా వేసేది జతల సంగతి. అక్కడ-ఎక్కడ, అప్పుడు-ఎప్పుడు, అంత-ఎంత. ఒక్క అక్షరం మారిస్తే జవాబు ప్రశ్నవుతుంది. ఆ, ఈ, ఏ లను కలిపి త్రికమని పేరుపెట్టారు మనవాళ్లు, ఎనిమిదో తొమ్మిదో తరగతిలో త్రికసంధి చదివిన ప్రతివాళ్లకూ గుర్తుంటుంది. జర్మన్‌లో 'ఎ' పని 'వ' చేస్తుంది, 'అ' పని 'ద' చేస్తుంది. దన్-వన్, అప్పుడు-ఎప్పుడు. దాస్-వాస్, అది-ఏది. 'దాస్ కాపిటల్'లోని దాస్ ఇదే. దేర్-వేర్, దేన్-వేన్, దేమ్-వేమ్. దామిట్-వోమిట్, దానితో-దేనితో. కొత్తగా నేర్చుకునేవాళ్లను ఏడిపించే దేర్, దేన్, దేమ్ పట్టిక ఉంది చూశారూ, అందులో సగం ప్రశ్నపదాలు వచ్చినవాళ్లకు ఉచితంగా వచ్చేస్తుంది. మన 'ఈ'కి మాత్రం అక్కడ అంత చక్కటి జోడీ లేదు.

ఇంకో జత వరుమ్-దరుమ్, ఎందుకు-అందుకు. పిల్లలు విసిగిస్తే జర్మన్ తల్లులు ఏమంటారో తెలుసా? "వరుమ్?" అంటే "దరుమ్!" ఎందుకమ్మా అంటే అందుకే. ఇది పాఠ్యపుస్తకం రెండు భాషలకూ పంచిపెట్టిన జవాబు కాదు, విసుగు నేర్పిన జవాబు.

క్రియ ఎక్కడ పెట్టాలన్నది అసలు చిక్కు. తెలుగులో ప్రశ్నపదం ఎక్కడికీ కదలదు, జవాబు కూర్చోవలసిన కుర్చీలోనే కూర్చుంటుంది. నువ్వు నిన్న దిల్‌సుఖ్‌నగర్‌లో ఎవరిని చూశావు? నేను నిన్న దిల్‌సుఖ్‌నగర్‌లో టీచరుని చూశాను. ఒక మాట తీసి ఒక మాట పెట్టడమే. జర్మన్‌లో ప్రశ్నపదం లేచి వాక్యం ముందుకు రావాలి, దాని వెనకే, రెండో స్థానంలో, క్రియ నిలబడాలి. "వేన్ హాస్ట్ దూ గెస్టెర్న్ ఇన్ దిల్‌సుఖ్‌నగర్ గెజేయెన్?" ఎవరిని, తరవాత సహాయక్రియ, తరవాత నువ్వు, నిన్న, దిల్‌సుఖ్‌నగర్‌లో, చివరాఖరుకు చూడడం. క్రియ రెండు ముక్కలై ఒకటి ముందు, ఒకటి కొసన. మా అమ్మాయి దీన్ని 'రెండు బోగీల మధ్య జనం' అంటుంది.

ఆ కొసనున్న ముక్కను చూడండి. జర్మన్ క్రియకు సొంతిల్లు వాక్యం చివరే అని, పుట్టిన చోటు నుంచి అది అవసరార్థం రెండో స్థానానికి కదిలి వస్తుందని వాదించిన భాషాశాస్త్రవేత్తలు ఉన్నారు. మాన్‌ఫ్రెడ్ బియెర్‌విష్ 1963లోనే ఆ దారి వేశాడు. ఇంగ్లీషు చూపుతో చూస్తే ఇది వింత. తెలుగు చూపుతో చూస్తే ఇంతకీ చివర కాక ఇంకెక్కడుంటుంది అనిపిస్తుంది. కాఫీ తాగడం 'కాఫే ట్రింకెన్', జర్మన్ నేర్చుకోవడం 'డాయిచ్ లెర్నెన్', కర్మ ముందు, క్రియ వెనక.

దానికి తిరుగులేని సాక్ష్యం ప్రశ్నను ఇంకో వాక్యంలో పొదిగినప్పుడు దొరుకుతుంది. అతను ఎక్కడ ఉంటాడు? "వో వోన్ట్ ఎర్?" క్రియ రెండోది. అతను ఎక్కడ ఉంటాడో నాకు తెలియదు అనాలంటే "ఇష్ వైస్ నిష్ట్, వో ఎర్ వోన్ట్." ప్రశ్న లోపలికి వెళ్లగానే క్రియ చివరికి వెళ్లిపోయింది. 'వో ఎర్ వోన్ట్', 'ఎక్కడ అతను ఉంటాడో'. మనం క్రియకు 'ఓ' తగిలిస్తాం, వాళ్లు క్రియ చోటు మారుస్తారు. వరస మాత్రం అదే. ఇంగ్లీషు మాధ్యమంలో చదివే పిల్లలు దీన్ని కష్టమైన పాఠంగా, ఎప్పుడో ఏటూలో నేర్చుకుంటారు. నిజానికి తెలుగువాళ్లకు ఇదే తేలిక, నేరుగా అడిగే ప్రశ్నే కష్టం. స్టేషన్ ఎక్కడుందో చెబుతారా అని మర్యాదగా అడగడం నేర్చుకుంటే రెండు లాభాలు, వ్యాకరణం సాఫీ, ఎదుటివాడికి సంతోషం.

మర్యాద అంటే గుర్తొచ్చింది. తలుపు చప్పుడైతే మనం ఎవరూ అంటాం, వచ్చింది చిన్నపిల్లాడైనా సరే ముందు గౌరవం ఇచ్చేసి తరవాత తగ్గించుకుంటాం. ఎవడు, ఎవతె అనే మాటలున్నాయి గాని తెలియని మనిషికి వాడం. జర్మన్ వేర్‌కు గౌరవమూ లేదు, లింగభేదమూ లేదు. కాని వ్యాకరణం దాన్ని పుంలింగంగా లెక్కేస్తుంది. చైతన్యపురి లేడీస్ హాస్టల్లో తన చున్నీ మర్చిపోయింది ఎవరని జర్మన్‌లో అడిగితే 'వాడి చున్నీ' అన్నట్టు వస్తుంది. జర్మనీ స్త్రీవాదులు దీనిమీద పోట్లాడారు, నాకైతే వాళ్ల పక్షమే న్యాయమనిపిస్తుంది.

ఇంగ్లీషుకు చేతకానివి ఇంకో రెండున్నాయి. పెళ్లికి ఎవరెవరు వచ్చారు, బజారులో ఏమేం కొన్నావు అని మనం మాటను రెండుసార్లు అంటాం. ఒకరు కాదు, జాబితా కావాలన్న సంకేతం అది. జర్మన్‌వాళ్లు రెండుసార్లు అనరు గాని 'ఆలెస్' అనే చిన్న మాట జోడిస్తారు. "వాస్ హాస్ట్ దూ ఆలెస్ గెకౌఫ్ట్?" ఏమేం కొన్నావు? ఆలెస్ అంటే అంతా. ఇక్కడ దాని పని మాత్రం మన రెట్టింపు మాట చేసే పనే.

రెండోది నా అభిమాన ప్రశ్న. మీ ఇంట్లో నువ్వు ఎన్నో అమ్మాయివి? ఇంగ్లీషు ఎంత చదివినవాణ్ణయినా దీన్ని ఇంగ్లీషులో అడగమనండి, చుట్టూ తిరిగి నాలుగు వాక్యాలు చేస్తాడు తప్ప ఒక్క మాటలో అడగలేడు. ఎంతకు 'వీ ఫీల్', ఎన్నికి 'వీ ఫీలె' ఉన్నట్టే జర్మన్‌లో ఎన్నోకు 'వీఫీల్టె' ఉంది. ఇవాళ ఎన్నో తారీఖు? "దేర్ వీఫీల్టె ఇస్ట్ హొయిటె?" మా అమ్మాయి దీన్ని విన్నరోజు, "మా సారు ఇది ఎందుకు ముందు చెప్పలే?" అని ఆయన మీద కోప్పడింది. ఆయన తప్పేముంది పాపం, అర్థాల గడిలో ఇంగ్లీషు పెట్టుకుంటే ఎన్నోకు అక్కడ ఖాళీయే కదా.

ఎదురు దిక్కున నడిచినవాళ్లూ ఉన్నారు. బెంజమిన్ షుల్జ్ అనే జర్మన్ మతప్రచారకుడు 1719లో తరంగంబాడిలో దిగి, తరవాత మద్రాసులో తెలుగు నేర్చుకుని, 1728లో తెలుగు వ్యాకరణం రాశాడు. ఏ భాషలో? లాటిన్‌లో. ఆయనకూ మధ్యవర్తి భాష తప్పలేదు, కాకపోతే ఆ మధ్యవర్తికి విభక్తులుండేవి. ఆ వ్యాకరణం రెండున్నర శతాబ్దాలు రాతప్రతిగానే ఉండి 1984లో హాలేలో వెలుగుచూసింది. తెలుగు అక్షరాలతో తొలి పుస్తకాలు అచ్చయిందీ హాలేలోనే, 1746లో, ఆయన చేతిమీదుగా. మన ఎవరు, ఎక్కడ సీసపు అచ్చుల్లోకి ఎక్కింది జర్మనీలోనన్నమాట.

పోయిన ఆదివారం అన్నం పెట్టుకుని కూర్చున్నాం, మా అమ్మాయి రాలేదు. ఆ వారం తన చెల్లెలి పెళ్లి చదివింపుల లెక్క పూర్తిచేసి తెస్తానంది. ఫోన్ చేస్తే మెట్రోలో ఉన్నానంది. గంటకు వచ్చి, చేతులు కడుక్కోకుండానే నోటుబుక్కు తెరిచి, చదివింపుల కాగితం పక్కన పెట్టి చదివింది: "వేర్ హాట్ వేమ్ వాస్ గెగేబెన్?" ఎవరు ఎవరికి ఏమిచ్చారు. ముందుకు దూకే హక్కు ఒక్కదానికే, మిగిలిన వేమ్, వాస్ మన పద్ధతిలో వాటి చోట్లలోనే కూర్చున్నాయి. వాక్యం తప్పులేకుండా ఉంది.

"బాగుంది. ఇంత ఆలస్యం ఎందుకైంది?" అన్నాను.

"దరుమ్" అని కంచం ముందుకు లాక్కుంది.